నాలుగు మీనార్లూ ఒకే ఫ్రేములో

అమ్మ పుట్టి పెరిగింది చార్మినార్‌కు దక్షిణాన ఉన్న శాలిబండలో. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు ఇంటి మెట్లు దిగడమే కష్టం. "చార్మినార్ ఫొటో ఒకటి తీసుకరా బిడ్డా. నాలుగు మీనార్లు కనవడాలె, ఒక్కటి గూడ కోసెయ్యొద్దు" అంది. నా దగ్గరున్నది 5 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్న చిన్న డిజిటల్ కెమెరా. ఒక్క ఆదివారం పని అనుకున్నాను, మూడు పట్టాయి.

మొదటిసారి పొద్దున ఆరింటికే చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్ దగ్గరికి వెళ్లాను. రోడ్డుమీది తోరణం, చార్మినార్ కమాన్ దాటి నిలబడి కెమెరా అడ్డంగా పట్టుకుని జూమ్ లివర్ నొక్కితే, ఒకసారి పైన బోలెడంత ఆకాశం, మళ్లీ నొక్కితే మీనార్ల కొనలు బయటికి. ఆ రెండింటికీ మధ్య జూమ్ ఆగదు. ఇలాంటి చిన్న కెమెరాల్లో చాలావాటికి లెన్స్‌ను జరిపేది మోటారు. అది మెట్లు మెట్లుగా కదులుతుంది. వేలు ఎంత మెల్లగా తాకించినా ఒక మెట్టు జరిగే ఆగుతుంది. పెద్ద కెమెరా లెన్స్ రింగులా వెంట్రుకవాసి తిప్పుకోవడం కుదరదు.

అదృష్టం బాగుండి ఒక ఫొటోలో కొనలు అంచుకు సరిగ్గా తాకినట్టు వచ్చాయి. సంతోషంగా 4×6 ప్రింటు వేయిస్తే కొనలు లేవు! వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి నా కెమెరా ఫొటోలో 4:3, ఆ కాగితంలో 3:2. అడ్డంగా తీసిన ఫొటో కాగితం నిండా రావాలంటే ఎత్తులో తొమ్మిదో వంతు పోవాల్సిందే. నిజంగా బాధేసింది. మెనూలో 3:2 ఉందని అప్పుడే చూశాను. అది పెట్టుకుంటే తెరమీద కనిపించేదే దాదాపుగా ప్రింటులోకి వస్తుంది. పనిలో పనిగా డిజిటల్ జూమ్ కూడా ఆపేశాను. అది లెన్స్ చేసే పని కాదు, బొమ్మ మధ్య భాగాన్ని కత్తిరించి సాగదీయడమే.

రెండో ఆదివారం కెమెరాను నిలువుగా పట్టుకున్నాను. జూమ్‌ను ఒక మెట్టు దగ్గర వదిలేసి, మిగతా సర్దుబాటు కాళ్లతో చేశాను. రెండడుగులు వెనక్కి, అరడుగు ముందుకి. లివర్‌తో రాని కొలత ఇలా వచ్చింది. కానీ కమాన్ వైపు వెనక్కి వెళ్లేకొద్దీ వెనకాల ఉన్న రెండు మీనార్లు ముందువాటి చాటుకు పోతున్నాయి. జూమ్ ఎంత మార్చినా అవి బయటికి రావు. ఏది దేని చాటున ఉంటుందో నిర్ణయించేది మనం నిలబడిన చోటు. జూమ్ ఆ దృశ్యంలోంచి ఎంత ముక్క తీసుకోవాలో మాత్రమే చెబుతుంది. ఇది అర్థమవడానికి నాకు ఒక పూట పట్టింది. నన్నడిగితే కెమెరా కొన్న రోజే తెలుసుకోవాల్సిన సంగతి.

మూడో వారం రోడ్డు నడిమధ్య వదిలి పక్కకు జరిగాను. వెనక మీనార్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. దగ్గర నుంచి కెమెరా పైకెత్తి తీస్తే మీనార్లు లోపలికి వాలినట్టు వస్తాయి కాబట్టి, తెరమీద గీతలు పెట్టుకుని కెమెరా నిటారుగా ఉంచి, కొనలు లోపలికి వచ్చేదాకా వెనక్కి నడిచాను. పైన వేలెడు ఖాళీ వదిలాను. స్తంభానికి భుజం ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టి తీశాను. 1889లో బిగించిన గడియారం కూడా స్పష్టంగా పడింది.

ప్రింటు చేతిలో పెట్టగానే అమ్మ వేలితో లెక్కపెట్టింది. నాలుగూ ఉన్నాయి. ఫొటో కాసేపు అలాగే పట్టుకుని, "మక్కా మసీదు ఏది?" అంది. తను చిన్నప్పుడు రోజూ చూసింది శాలిబండ వైపు నుంచి, మసీదు ఎడమ చేతి పక్కన ఉండగా. నేను తీసింది గుల్జార్ హౌజ్ వైపు నుంచి.

వచ్చే ఆదివారం దక్షిణం వైపు దారిలో నిలబడతాను.