మణిదా నలుపు తెలుపు గోడ

చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గురించి రాసేవాళ్లు ఆయన కళాజీవితాన్ని తరచూ రెండు ముక్కలు చేస్తారు: ముందు నైరూప్యం (గుర్తుపట్టే రూపాలు లేని చిత్రం) వైపు వెళ్లాడు, తర్వాత మనుషుల బొమ్మలకు తిరిగొచ్చాడు అని. శాంతినికేతన్ కళాశాల అయిన కళాభవన్‌లో చదివిన నాకు ఆ లెక్క ఎప్పుడూ కుదరలేదు.

2009లో మేం అక్కడ విద్యార్థులం. డిజైన్ విభాగం భవనం మీద తాను వేసిన కుడ్యచిత్రం పాడైపోతే, ఎనభై అయిదేళ్ల మణిదా (అక్కడ అందరికీ ఆయన మణిదాయే) పరంజా ఎక్కి మళ్లీ వేశారు. నలుపు, తెలుపు, అంతే. గోడ దగ్గరికి వెళ్తే కొక్కేల్లాంటి కుంచె గుర్తులు, చుక్కలు, అడ్డగీతలు. దేనికీ పేరు పెట్టలేం. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే పక్షులు, జంతువులు, చెట్లు, మనుషులు. ఏ అడుగు దగ్గర గీత బొమ్మ అయిందో పట్టుకోవాలని ముందుకీ వెనక్కీ నడిచేవాళ్లం. దొరికేది కాదు.

కేరళలో 1924లో పుట్టి, మద్రాసులో ఎకనామిక్స్ చదువుతూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లి, 1944లో శాంతినికేతన్ చేరారాయన. నందలాల్ బోస్, బినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్ గురువులు. 1951 నుంచి బరోడాలో పాఠాలు చెప్పారు. 1960ల కాన్వాసుల్లో బల్ల, కుర్చీ, కిటికీ రంగు పలకలుగా విడిపోతాయి. నైరూప్యానికి ఆయన బాగా దగ్గరైంది అప్పుడే. కానీ ఆ రోజుల్లోనే లక్నోలోని రవీంద్రాలయ ప్రేక్షకశాల గోడకు, టాగూర్ ‘రాజా’ నాటకం ఆధారంగా, చిన్న చిన్న టెర్రకోట (కాల్చిన మట్టి) ముక్కలు పేర్చి మనుషుల్ని నిలబెట్టారు. విడిగా చూస్తే ఆ ముక్క ఉత్త ఆకారమే. మన మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఆయన దగ్గర కుడ్యచిత్రం నేర్చుకున్నదీ ఆ కాలంలోనే.

1970ల తొలి టెర్రకోట పలకలు నాకు అన్నిటికన్నా ఇష్టం. బంగ్లాదేశ్ యుద్ధం నాటివి. పలచగా ఒత్తిన మట్టిని కోసి, మడిచి, నొక్కితే పతకాలు తగిలించుకున్న సేనానులు వచ్చారు. యుద్ధం మీద ఆయన కోపం మట్టి మడతలోనే ఉంది.

1980లో శాంతినికేతన్‌కు ఆచార్యుడిగా తిరిగొచ్చారు. అద్దం వెనక వైపు బొమ్మలు వేసింది ఆ రోజుల్లోనే. అందులో పని తలకిందులు: కాన్వాసు మీద చివర్లో వేసే కంటిపాప, నగ, మెరుపు ముందు పడాలి, వెనక రంగు చివర. పైపైన దిద్దే వీలుండదు. ఎంత నవ్వుతున్నట్టు కనిపించే బొమ్మకైనా లోపల లెక్క గట్టిగా ఉండాల్సిందే, ఆ లెక్క ఆయనకు కిటికీల చిత్రాల నాటి నుంచీ అలవాటే.

2016లో ఆయన కన్నుమూశారు. 2023లో శాంతినికేతన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. కానీ ఆ గోడ ఇప్పటికీ ఎండకూ బెంగాల్ వానకూ ఎదురుగానే ఉంది, మళ్లీ వేయడానికి మణిదా లేరు. కళాభవన్‌లో చదివిన మన బ్యాచ్‌ల వాళ్లు ఎవరు వెళ్లినా నాలుగు వైపులా, దగ్గర నుంచీ దూరం నుంచీ ఫొటోలు తీసి, తేదీ వేసి దాచండి. పెచ్చు ఎక్కడ లేచిందో, నలుపు ఎక్కడ వెలిసిందో బాగుచేసేవాళ్లకు తెలియాలంటే ముందు అవి కావాలి.