పదింటికి గేటు దగ్గర: టెక్సాస్ జింక వేటలో నా అనుభవం

ఇది మా ఆయన చదువుతారని తెలిసే రాస్తున్నాను. నిన్న రాత్రే టెక్సాస్‌లోని లానోలో జింకల వేట ముగించుకుని తిరిగొచ్చాం. దారి పొడవునా ఆయన రేడియో విన్నారు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఇంటికొచ్చి బూట్లు విప్పీ విప్పకుండానే ఆయన ఫ్రెండుకి ఫోన్ చేసి, "మా ఆవిడ అడవిలో తప్పిపోయిందిరా, నలుగురం వెళ్ళి వెతికి తెచ్చాం" అని చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. నేను తప్పిపోలేదు. ఎక్కడ కూర్చోమన్నారో అక్కడే కూర్చున్నాను. ఆ కథ చెప్తాను గానీ, ముందు వేటకి వెళ్ళాలనుకుంటున్న మనవాళ్ళకి పనికొచ్చే నాలుగు మాటలు.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. వయసు 17 నిండితే మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. సులువే. నాకు మా ఆయనకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి, అది కూడా రికార్డులో ఉండాలి కాబట్టి చెప్తున్నాను. లైసెన్సు రెసిడెంట్లకి 25 డాలర్లు. చేపలు కూడా పట్టే సరదా ఉంటే సూపర్ కాంబో 68. రెసిడెంట్ అనిపించుకోవాలంటే ఆరు నెలలుగా ఇక్కడే ఉండి ఉండాలి.

హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద, వాళ్ళ కుటుంబాలకిచ్చే హెచ్‌4 మీద ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఇలాంటి నాన్ ఇమ్మిగ్రెంట్, అంటే తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. సొంతానికి కొనుక్కోవడం ఒక్కటే కాదు, స్నేహితుడిది సరదాగా చేతిలోకి తీసుకోవడం కూడా ఆ లెక్కలోకే రావచ్చు. ఆ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. కాబట్టి వరస ఇదీ: ముందు కోర్సు, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే తుపాకీ ముట్టుకోవడం. లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగిసిపోతుంది. ఇంట్లో రైఫిల్ ఉంచుకుని రెన్యూవల్ మర్చిపోతే ఆ మినహాయింపు కూడా పోయినట్టే. కొత్తవి ఆగస్టు 15 నుంచే అమ్ముతారు, ఆ వారంలోనే కొనేసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో లాయర్లయిపోయిన అన్నయ్యల మాట వినకండి. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుంటే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడిగి మొదలుపెట్టండి. తుపాకీల షాపులో కౌంటర్ దగ్గర కుర్రాడు మా పాస్‌పోర్టులు చూడగానే "మీకు అమ్మడం కుదరదు" అని వెనక్కి తోసేశాడు. వాళ్ళు నింపమనే ఫారంలోనే ఆ మినహాయింపు గురించి ప్రశ్న ఉంది. వేలు పెట్టి చూపించింది నేను. మా ఆయన అప్పటికే తలుపు దాకా వెళ్ళిపోయారు.

టెక్సాస్‌లో భూమి తొంభై శాతం పైగా ప్రైవేటుదే. అందుకని ఇక్కడ ఊరికే అడవిలోకి వెళ్ళి వేటాడ్డం తక్కువ, ఎక్కువమంది రాంచ్ (పశువుల్ని మేపే పెద్ద పొలం) యజమాని దగ్గర సీజనుకింత అని కట్టి లీజు తీసుకుంటారు. మా ఆయన ఆఫీసులో ఒకాయన కుటుంబానికి లానో కౌంటీలో అలాంటి లీజు ఉంది. లానోకి టెక్సాస్ జింకల రాజధాని అని పేరు. భార్యాభర్తలిద్దరూ రండి అని పిలిచారు. గుంటూరులో మా అత్తయ్యకి చెప్తే, "జింకని చంపితే జైల్లో వేస్తారు కదుటమ్మా" అన్నారు. మన దగ్గర 1972 చట్టం తర్వాత నిజంగానే వేస్తారు, ఆవిడ తప్పేం లేదు. ఇక్కడ సీజనుంటుంది, లైసెన్సుకి ట్యాగులు, అంటే కొట్టిన జింకకి కట్టే చీటీలుంటాయి, తప్పు చేస్తే పట్టుకునేందుకు గేమ్ వార్డెన్లనే అధికారులుంటారు అని చెప్తే, "ఏమోనమ్మా, జింక కావాలని అడిగాకే సీతమ్మకి కష్టాలొచ్చాయి" అని ఫోన్ పెట్టేశారు. అప్పుడు నవ్వుకున్నాను.

శనివారం, సీజను మొదటి రోజు. పొద్దున్న ఆరింటికి ఆ లీజు కుటుంబంలో పెద్దాయన తలుపు కొట్టి లేపారు. మా ఇద్దరికీ అర మైలు దూరంలో చెరొక బ్లైండ్ ఇచ్చారు. బ్లైండ్ అంటే కాళ్ళ మీద నిలబెట్టిన చెక్క పెట్టె, చుట్టూ చిన్న కిటికీలు. ఎదురుగా నూరు గజాల్లో ఫీడర్ ఉంటుంది, టైమర్ పెట్టిన వేళకి అది మొక్కజొన్నలు చిమ్ముతుంది. పొద్దున్న ఎనిమిదికి చిమ్మేలా పెట్టారు. పదింటిదాకా కూర్చుని, పదింటికి ఎవరికి వాళ్ళు నడుచుకుంటూ గేటు దగ్గర ట్రక్కుకి చేరాలి. తూటా ఎక్కించిన తుపాకీతో కూర్చున్న మనిషి బ్లైండ్ వైపు చెప్పకుండా నడవకూడదని కోర్సులో చెప్పిందే, అందుకే ఈ ఏర్పాటు. ఆ రోజు అంతా సవ్యంగా జరిగింది. జింకలు మాత్రం రాలేదు.

అసలు గొడవ ఆదివారం.

ఇక్కడ జింకల జనరల్ సీజను నవంబరులో మొదటి శనివారం మొదలవుతుంది. అమెరికాలో వేసవి టైము ముగిసి గడియారాలు గంట వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం. అంటే చాలా ఏళ్ళు ఈ రెండూ ఒకే వారాంతంలో వచ్చి పడతాయి. వేటకొచ్చినవాళ్ళంతా గుడిసెల్లో, టెంట్లలో, సిగ్నల్ లేని చోట నిద్రపోతుండగా దేశం టైము మారిపోతుంది. శనివారం రాత్రి భోజనాల దగ్గర పెద్దాయన అందరికీ గుర్తు చేశారు. ఆ సమయానికి మా ఆయన బయట నెగడు దగ్గర ఎవరికో స్కోపుల (తుపాకీ మీద బిగించే దుర్భిణుల) గురించి క్లాసు పీకుతున్నారు. నేను పొద్దున్న ట్రక్కు ఎక్కేటప్పుడు, "టైము మారిందండోయ్" అన్నాను. "ఊఁ" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఊఁ ని నమ్మి నేను ఇళ్ళు మారాను, ఉద్యోగం వదిలాను. ఆ పూట కూడా నమ్మాను. "పదింటికి గేటు దగ్గర" అన్నాను. "పదింటికి" అన్నారు. ఇంతకన్నా స్పష్టంగా ఏ భార్యాభర్తలు మాట్లాడుకుంటారో నాకు తెలీదు.

ఆయన ఫోను చార్జింగ్ అయిపోయి క్యాంపులో పడి ఉంది. చేతికి మా నాన్న పెళ్ళిలో పెట్టిన వాచీ. ఆ వాచీకి అమెరికా ప్రభుత్వం ఏం నిర్ణయించిందో ఎలా తెలుస్తుంది? పెద్దాయన తలుపు కొట్టింది కొత్త టైము ప్రకారం ఐదింటికి, ఆయన వాచీలో ఆరు. నిన్నా ఆరే, ఇవాళా ఆరే. సూర్యుడు కూడా నిన్న వచ్చిన వేళకే వచ్చాడు. అనుమానం రావడానికి ఆయనకి ఏమీ కనపడలేదు.

నాకు కనపడింది. ఎనిమిదింటికి తిరగాల్సిన ఫీడర్ నా ఫోనులో ఏడింటికే గిర్రున తిరిగింది. ఒక్క క్షణం ఉలిక్కిపడ్డా వెంటనే అర్థమైంది, దాని టైమర్ ఎవరూ మార్చలేదని. జింకలకి కావలసింది ఆ మోత, గడియారం కాదు కదా. కాసేపటికి రెండు ఆడజింకలు వచ్చాయి. వాటి వెనక పొదల్లో ఏదో కదులుతున్నట్టుంది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తొమ్మిదిన్నర దాటాక బయటికొచ్చింది, మంచి కొమ్ముల జింక. నా వైపు ముఖం పెట్టి నిలబడింది. పక్కకి తిరిగి గుండె చోటు చూపించేదాకా కాల్చకూడదు. నేను రైఫిల్ కిటికీ మీద ఆనించి, సేఫ్టీ మీద వేలు పెట్టి, తిరుగు తల్లీ తిరుగు అనుకుంటూ ఎదురుచూస్తున్నాను.

అప్పుడు మోగింది హారన్.

ఒకసారి కాదు, పెళ్ళి ఊరేగింపులో జీపులా ఆపకుండా మోగింది. దానితోపాటు మగాళ్ళ కేకలు. వాళ్ళు నా పేరు పలికిన తీరుకి అది నన్నేనని మొదట తెలియలేదు. జింకలు మాయం. నేను తూటాలుండే మ్యాగజైన్ తీసేసి, బోల్ట్ తెరిచి, రైఫిల్ పక్కన పెట్టి కిందికి చూస్తే, డబుల్ సీట్ల బగ్గీ మీద పెద్దాయన, ఆయన అల్లుడు, ఇంకొకాయన, వెనక నిలబడి మా ఆయన. నన్ను చూడగానే మా ఆయన "దొరికింది! దొరికింది!" అని అరిచారు. నేను వాళ్ళు ఎక్కించిన బ్లైండ్‌లోనే ఉన్నాను. ఎక్కడని దొరుకుతాను?

జరిగింది ఇదీ. ఆయన తన వాచీలో పదింటికి, అంటే అసలు తొమ్మిదింటికి, గేటు దగ్గరికి వచ్చారు. నేను లేను. ట్రక్కులో గడియారం చూశారు. అది పాత ట్రక్కు, దానంతటది మారదు, అది కూడా పది అంటోంది. ఇద్దరు సాక్షులు దొరికాక ఇంక భార్య మాట ఎవడిక్కావాలి! అరగంట చూసి, కంగారుపడి, క్యాంపుకి వెళ్ళి "పదింటికి రావాల్సింది, పదిన్నరయినా రాలేదు" అన్నారు. కంగారులో పెద్దాయన కూడా తన ఫోను తీసి చూసుకోలేదు. పాము కరిచిందేమో, నిచ్చెన మీంచి పడిందేమో అని అందరూ బయల్దేరారు. ఆ మంచితనానికి నాకు కోపం లేదు.

కోపం తర్వాత జరిగినదానికి. క్యాంపులో నా భుజాల మీద దుప్పటి కప్పారు. నాకు చలి లేదు. ఆ కుటుంబంలో పెద్దావిడ నన్ను దగ్గరికి తీసుకుని నీళ్ళు తాగించింది. నాకు దాహం లేదు. "టైము తొమ్మిదీ యాభై" అని ఫోను చూపిస్తుంటే, భయపడ్డ పిల్లని ఊరుకోబెట్టినట్టు అందరూ తలలూపుతున్నారు. మా ఆయన నవ్వుతూ, ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా, "ఈవిడ కాస్ట్కో పార్కింగులో కూడా కారు మర్చిపోతుంది" అన్నారు. అందరూ నవ్వారు. నేను తెలుగులో, "మీ వాచీ చూసుకోండి" అన్నాను. "మీ నాన్న పెట్టిన వాచీయే కదా, దానికేం" అన్నారు. ఇక నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఆ నలుగురి ముందు ఏడుపొచ్చేది, అది చూసి నిజంగానే తప్పిపోయాననుకునేవాళ్ళు.

చివరికి పెద్దావిడే, కాఫీ పోస్తూ గోడ గడియారం వంక, తన ఫోను వంక మార్చి మార్చి చూసి, "జెంటిల్మెన్" అని ఆగింది. అంతే. ఆ గదిలో మగాళ్ళందరికీ ఒక్కసారిగా బూట్లలో ఏదో పని పడింది. పెద్దాయన టోపీ తీసి నాకు సారీ చెప్పారు. అల్లుడూ చెప్పాడు. మా ఆయన "నువ్వు గట్టిగా చెప్పాల్సింది" అన్నారు.

సాయంత్రం నేను లెక్క మార్చాను. అంతకుముందు ఇద్దరి లైసెన్సులూ ఆయన జేబులో ఉండేవి. అర మైలు అవతల కూర్చునే మనిషి జేబులో నా లైసెన్సు, నా ట్యాగులు ఎందుకు? అడిగి తీసుకున్నాను. పెన్ను, చిన్న కత్తి, సన్నటి తాడు కూడా. క్యాంపులో ఎవరివో రెండు వాకీటాకీలుంటే అవీ తీసుకున్నాను. ఎఫ్ఆర్ఎస్ (ఫ్యామిలీ రేడియో సర్వీస్) రకం వాకీటాకీలకి ఏ లైసెన్సూ అక్కర్లేదు, మొదటిరోజే కొనుక్కుని వెళ్ళండి. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చొచ్చు, ఆ వేళ ఎంతో కాగితం మీద రాసి ఆయన చేతికిచ్చి, పైకి చదవమన్నాను. చదివారు.

వెలుతురు ఇంకా ఉండగానే ఆడజింక వచ్చింది. పక్కకి తిరిగింది. ఒకే ఒక్క తూటా. ముప్ఫై గజాలు కూడా పరుగెత్తలేదు. ఆయన ఈ వారాంతంలో ఒక్కటి కూడా కొట్టలేదు, ఆ ముక్క ఫ్రెండుకి చేసిన ఫోనులో రాలేదు.

ట్యాగు విషయంలో జాగ్రత్త. ఎవరు కాలిస్తే వాళ్ళ ట్యాగే కట్టాలి, అది కూడా వెంటనే. నెల, తేదీ గళ్ళు కత్తిరించి, మిగతా వివరాలు పెన్నుతో నింపాలి. లైసెన్సు మీద లాగ్, అంటే కొట్టిన జింక వివరాల పట్టిక కూడా రాయాలి. మా ఆయన వచ్చీ రాగానే "నా ట్యాగు కట్టేద్దాం, నీవి దాచుకో" అన్నారు, మెట్రో పాసు లాగా. ఒకరి ట్యాగు ఇంకొకరి జింకకి కడితే అది నేరం. అప్పటికే నాది కట్టేశానని చూపించాను.

నవంబరైనా అక్కడ పగలు వేడే. పేగులు వెంటనే తీసెయ్యాలి, ఐసు దండిగా ఉండాలి. నాలుగు భాగాల కన్నా చిన్న ముక్కలు దారిలో చెయ్యకూడదు. మేం తిరుగుదారిలో ఒక మీట్ ప్రాసెసర్ (జింకని కోసి మాంసం తయారుచేసిచ్చే కొట్టు) దగ్గర ఇచ్చి వచ్చాం. మనవాళ్ళకి ఇది ముఖ్యం: జింక మాంసంలో కొవ్వు తక్కువని కీమాలో, సాసేజిలో బీఫ్ కొవ్వో పోర్క్ కొవ్వో కలుపుతారు. ఫారంలో గడులుంటాయి. నేను కూలర్ దింపిస్తుంటే మా ఆయన చకచకా టిక్కులు పెట్టేస్తున్నారు. "ఏం పెట్టారు?" అంటే "అన్నీ మామూలువే" అన్నారు. ఫారం లాక్కుని చూస్తే బీఫ్ కొవ్వు గడిలో టిక్కు. ఇంట్లో బీఫ్ ముట్టని మనిషి! కొట్టేసి, కొవ్వు వద్దని రాసి, వెన్ను పక్క మెత్తటి మాంసం ముక్కలు చెయ్యకుండా ఇవ్వమని రాసి, కింద నా ఫోను నంబరు వేసి, సంతకం నేనే పెట్టాను. రెడీ అయ్యాక వాళ్ళు ఫోన్ చేసేది నాకే.