పిల్లల చూపు, ఆరుబయటి వెలుగు, అమ్మమ్మ మాట

సింగపూర్ బడుల్లో పిల్లలకు ఏటా చూపు పరీక్ష చేస్తారు. రెండో తరగతి చదువుతున్న మా అబ్బాయికి దూరపు అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయని, వైద్యులకు చూపించమని బడి నుంచి కాగితం వచ్చినప్పుడు ఆ సంగతి కోవూరు దగ్గర మా ఊళ్లో ఉన్న అమ్మకు ఫోనులో చెప్పాను. "మనింట్లో ఎవరికీ నలభై ఏళ్లు దాటేదాకా అద్దాల్లేవు కదమ్మా, ఈ బిడ్డకు ఇప్పుడే ఎందుకొచ్చినాయి?" అని అమ్మ అడిగింది. ప్రవాసంలో పిల్లలను పెంచుతున్న ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ గట్టిగా పట్టించుకోవలసిన ప్రశ్న అది.

నెల్లూరులో అందరూ 'సైట్' అనుకునే హ్రస్వదృష్టిలో జరిగేది ఇది: పిల్లవాడు పెరిగే వయసులో కనుగుడ్డు ఉండవలసిన దానికంటే పొడవుగా సాగుతుంది. అప్పుడు దూరపు వస్తువుల ప్రతిబింబం కంటి వెనుక వెలుగును పసిగట్టే పొర అయిన రెటీనా మీద కాకుండా దాని ముందే ఏర్పడుతుంది. సాగిన కనుగుడ్డు తిరిగి కురచ కాదు. అద్దాలు చూపును సరిచేస్తాయి తప్ప ఆ సాగుదలను వెనక్కి తిప్పలేవు. ఎంత చిన్న వయసులో మొదలైతే పెరగడానికి అంత ఎక్కువ కాలం మిగిలి ఉంటుంది. పవర్ మైనస్ ఆరు దాటిన కళ్లకు పెద్దయ్యాక రెటీనా ఊడిపోవడం, కంటి నరం దెబ్బతినే గ్లాకోమా వంటి ప్రమాదాలు పెరుగుతాయి. కాబట్టి 'అద్దాలు పెడితే సరిపోతుంది, ఈ రోజుల్లో ఎవరికి లేవు' అని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

తల్లిదండ్రులకు హ్రస్వదృష్టి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువన్నది నిజమే. అయితే మా రెండు కుటుంబాల్లోనూ అది లేదు, ఒక్క తరంలో వంశలక్షణాలు మారిపోవు. మారినది పిల్లల రోజు గడిచే తీరు. ఈ విషయాన్ని నాకు తేటతెల్లం చేసినది 2008లో వెలువడిన ఒక అధ్యయనం. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి పిల్లలను, ఆరేడేళ్ల వయసువారిని, పరిశోధకులు పోల్చి చూశారు. సింగపూర్ పిల్లల్లో 29 శాతం మందికి హ్రస్వదృష్టి ఉండగా సిడ్నీ పిల్లల్లో అది 3 శాతం చిల్లర మాత్రమే. పుస్తకాలు చదవడంలో సిడ్నీ పిల్లలు వెనుకబడి లేరు. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఒక్కటే: వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపేవారు, సింగపూర్ పిల్లలు మూడు గంటలు. తరువాత చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడులను తీసుకుని, వాటిలో సగం బడుల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా పిల్లలను బయటికి పంపారు. మూడేళ్ల తరువాత చూస్తే, బయటికి పంపిన బడుల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం, పంపని బడుల్లో 39 శాతానికి పైగా. తైవాన్ 2010 నుంచే బడిపిల్లలు రోజూ 120 నిమిషాలు ఆరుబయట ఉండాలని ప్రోత్సహిస్తోంది.

ఇంట్లో ట్యూబులైటు కింద వెలుగు సాధారణంగా 500 లక్సులకు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం) మించదు. ఆరుబయట చెట్టు నీడలో కూడా అది వేలల్లో ఉంటుంది, నిలువెండలో లక్ష దాకా వెళుతుంది. ఆ వెలుగులో రెటీనా నుంచి డోపమిన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలై కనుగుడ్డు సాగకుండా అదుపు చేస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. సూర్యుడిని చూడనక్కరలేదు, ఎండలో మాడనక్కరలేదు, నీడలో ఆడుకున్నా చాలు. ఈ ఒక్క మాట నెల్లూరు జిల్లా తల్లులకు చాలా అవసరమని నా అభిప్రాయం. ఎందుకంటే మన దగ్గర మే, జూన్ నెలల్లో ఎండకు భయపడి పిల్లలను రోజంతా ఏసీ గదిలో ఫోనుతో కూర్చోబెట్టడం ఇప్పుడు మామూలైపోయింది.

ఫోను వల్ల కంటికి రెండు విధాలుగా చేటు జరుగుతుంది. చిన్న తెరను పిల్లలు ముఖానికి జానెడు దూరంలో పెట్టుకుని గంటల తరబడి చూస్తారు, ఆ గంటలన్నీ ఇంటి లోపలే గడిచిపోతాయి. 45 అధ్యయనాలను కలిపి 2025లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, తెర చూసే సమయం రోజుకు ఒక గంట పెరిగితే హ్రస్వదృష్టి అవకాశం 21 శాతం ఎక్కువగా కనిపించింది. దీనికి తోడు తెర చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం బాగా తగ్గుతుంది కాబట్టి కళ్లు పొడిబారి మండుతాయి. పిల్లలు ఆ మంటను చెప్పలేక కళ్లు నులుముకుంటారు. నీలి కాంతిని ఆపుతాయని అమ్మే అద్దాలు కళ్ల అలసటను తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023లో తేల్చింది. ఆ డబ్బుతో ఒక మంచి బంతి, బ్యాటు కొనిపెట్టడం మేలు.

ఇక్కడివరకు ఏ దేశపు తల్లికైనా ఒకటే. మనకు మాత్రం మరో చిక్కు ఉంది. సింగపూర్ బడుల్లో మాతృభాషగా చదువుకోవడానికి తమిళమే కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు అవకాశం ఉంది, తెలుగుకు లేదు. మా అబ్బాయి బడిలో తమిళం చదువుతున్నాడు. ఇక తెలుగు అంతా తెర మీది నుంచే వచ్చేది: వారాంతపు ఆన్‌లైన్ తరగతి, యూట్యూబ్ పాటలు, అన్నిటికంటే ముఖ్యంగా అమ్మమ్మ, నాయనమ్మలతో వీడియో కాల్. తెర తగ్గించమని వైద్యురాలు చెప్పినప్పుడు నా మనసులో మొదట మెదిలింది కంటి సంగతి కాదు, వాడి తెలుగు ఏమవుతుందన్న దిగులు. ఇక్కడి ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు బడిపని కాకుండా తెర సమయం రోజుకు రెండు గంటల లోపు ఉండాలి. ఆ రెండు గంటల్లో భాషకు ఎంత, కార్టూన్ బొమ్మలకు ఎంత అని లెక్కలు వేస్తూ కూర్చుంటే ఇంట్లో రోజూ గొడవే.

ఆలోచించగా నాకు తోచింది ఏమిటంటే, భాషకు కావలసింది చెవి, నోరు. కంటికి కావలసింది దూరం, వెలుగు. ఈ రెంటికీ పోటీ లేదు. సింగపూర్‌లో సాయంత్రం ఆరు గంటలంటే మన ఊళ్లో మూడున్నర, అమ్మ మధ్యాహ్నం కునుకు తీసి లేచే వేళ. ఇక్కడ ఏడు దాకా వెలుగు ఉంటుంది. అందుకని వీడియో కాల్ మానేసి, మా బ్లాకు కింద ఆటస్థలంలో తిరుగుతూ మామూలు ఫోన్ కాల్ మాట్లాడడం మొదలుపెట్టాము. ఫోను నా చేతిలో, స్పీకరులో అమ్మ గొంతు, పిల్లలిద్దరూ నా చుట్టూ. ముఖం కనిపించదు కాబట్టి చూసినదంతా మా అబ్బాయి మాటల్లో చెప్పక తప్పదు. ఉడుము చెట్టెక్కితే అది ఎంత పొడవుందో, ఎటు పోయిందో తెలుగులో వర్ణించవలసిందే. వీడియోలో అమ్మమ్మకు చేయి ఊపి పారిపోయే పిల్లవాడు ఇప్పుడు ప్రశ్న మీద ప్రశ్న వేస్తున్నాడు. "ముఖం చూడకుండా ఎట్టా ఉండేది?" అని అమ్మ మొదట బాధపడింది, ఆ బాధ న్యాయమైనదే. కనుక ఆదివారం మాత్రం వీడియోను టీవీకి కలిపి, పిల్లలను గదికి అటు చివర సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడిస్తాము. దూరాన ఉన్న పెద్ద తెర చేతిలోని చిన్న తెరంత శ్రమ పెట్టదు. తెలుగు పుస్తకం కూడా ముఖానికి అంటించుకుని చదివితే కంటికి అదే శ్రమ, అందుకే ఏది చదివినా మోచేతి పొడవు దూరం ఉండాలన్నది మా ఇంటి నియమం.

సెలవులకు మన ఊరు వెళ్లినప్పుడు ఈ నియమాలు నిలవడం కష్టం. ప్రేమ కొద్దీ ఒకరు ఫోను చేతికిచ్చి అన్నం తినిపిస్తారు, "పాపం, నాలుగు రోజులకు వచ్చిన బిడ్డ" అంటారు. నెల్లూరులో మా అన్నయ్య పిల్లలకు బడి, ట్యూషన్ ముగిసేసరికి చీకటి పడుతుంది, ఆ తరువాత వాళ్లకు మిగిలేది ఫోనే. సింగపూర్ పిల్లల రోజు ఎలా ఉంటుందో ట్రంకు రోడ్డు పక్క అపార్టుమెంటులో పెరిగే పిల్లల రోజూ అలాగే మారింది. అయినా ఊళ్లో ఇంకా మనకున్న వెసులుబాటు చిన్నదేమీ కాదు. పొద్దున ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత పిల్లలను పొలం గట్ల మీదికో, పెన్న ఒడ్డుకో పంపవచ్చు. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో గోలీలు, వామనగుంటలు ఆడించవచ్చు. మైపాడు సముద్రం ఒడ్డున ఒక సాయంత్రం గడిపితే పిల్లవాడి చూపు దిగంతం దాకా వెళ్లి వస్తుంది. ఈ సంగతి అమ్మకు ఒకసారి వివరంగా చెప్పాక, ఎవరైనా పిల్లల చేతికి ఫోను ఇవ్వబోతే నాకంటే ముందు ఆమే అడ్డుపడుతోంది. పెద్దవాళ్లకు వద్దు అని చెప్పడం కంటే ఎందుకు వద్దో చెప్పడం మేలని నాకు అనుభవంలో తెలిసింది.

పొన్నగంటి కూర తింటే అద్దాలు పోతాయన్న మాట ప్రతి సెలవులోనూ వింటాము. ఆకుకూరల్లో ఉన్నది కంటికి అవసరమే, విటమిన్ ఎ లోపిస్తే రేచీకటి వస్తుంది. అందుకని కూర పెట్టండి, కానీ సాగిన కనుగుడ్డును ఏ కూరా తగ్గించదు. అద్దాలు అలవాటైతే పవర్ పెరుగుతుందని తీసేయించే బంధువులూ ఉన్నారు. అవసరమైన దానికంటే తక్కువ పవర్ అద్దాలు పెట్టడం వల్ల లాభం లేదని పరీక్షల్లో తేలింది.

మరో జాగ్రత్త. అద్దాలు మన దగ్గర చవక కాబట్టి సెలవుల్లో కళ్లజోళ్ల కొట్టుకు తీసుకువెళ్లి కంప్యూటరు పరీక్షతోనే చేయించేస్తుంటాము. పిల్లల కంటి కటకం పట్టు ఎక్కువ, చుక్కలు వేసి దాన్ని సడలించకుండా కొలిస్తే లేని మైనస్ కూడా ఉన్నట్టు చూపవచ్చు. నెల్లూరులోనైనా, చాలామంది నెల్లూరువాళ్లు రైలెక్కి వెళ్లే చెన్నైలోనైనా, చుక్కలు వేసి చూసే పిల్లల కంటి వైద్యుల దగ్గర కొలిపించి, ఆ చీటీతో అద్దాలు చేయించడం మంచిది. పవర్ త్వరగా పెరుగుతుంటే ఆ పెరుగుదలను నెమ్మదింపజేసే తక్కువ మోతాదు అట్రోపిన్ అనే మందు చుక్కలు, ప్రత్యేకమైన కటకాలు ఉన్నాయి. అవి ఏ బిడ్డకు అవసరమో వైద్యులే నిర్ణయించాలి. ఒకసారి మొదలైన సైట్‌ను ఆరుబయటి ఆట ఒక్కటే ఆపుతుందని ఆశపడకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు కార్యక్రమం తొలి విడతలో బడిపిల్లల చూపునే పరీక్షించారు. మా అన్నయ్య చిన్న కూతురికి తరగతిలో బోర్డు కనిపించడం లేదని ఇంట్లో తెలిసింది ఆ పరీక్ష వల్లనే. పిల్లలు తమంతట తాము చెప్పరు, లోకమంతా అలాగే మసకగా ఉంటుందనుకుంటారు. ఒక కన్ను బాగా ఉండి రెండోది బలహీనమైతే అసలే బయటపడదు, ఆ లోపాన్ని ఏడెనిమిదేళ్లలోపు గుర్తిస్తేనే చికిత్స బాగా ఫలిస్తుంది. మా అమ్మాయికి అయిదో ఏడు. దానికి ఇప్పటిదాకా ఏ లక్షణమూ లేకపోయినా, ఈ డిసెంబరు సెలవుల్లో నెల్లూరు వెళ్లినప్పుడు రెండు కళ్లనూ విడివిడిగా, చుక్కలు వేసి చూపించాలని నిశ్చయించుకున్నాము. ఆ చుక్కల వల్ల ఒక రోజంతా దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తాయి, ఎండ కళ్లలో గుచ్చుతుంది. కనుక ఆ రోజు తనను ఎండలోకి పంపకుండా పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెబుతానని మా అమ్మ ఇప్పటికే మాట ఇచ్చింది.