నిమ్మకాయల దగ్గర చెల్లెలు

గూడూరు నిమ్మకాయలు వచ్చాయని పక్కింటి వదిన చెబితే పొద్దున్నే నెల్లూరు మార్కెట్‌కు వెళ్ళాను. వంద కాయలు పచ్చడి పెడదామని. రాశి ముందు వంగి ఏరుకుంటుంటే పక్కనే తెల్లచీర అంచు కనిపించింది. తలెత్తకుండానే తెలిసిపోయింది, పిన్ని కూతురు. నాలుగేళ్ళయింది చూసి. నేను వదిలేసి వచ్చిన గురువుగారి సమాజంలోనే తను ఇంకా ఉంది.

తనూ నన్ను చూసింది. వెంటనే మొహం తిప్పుకుని, చేతిలో ఉన్న వంటశాల చీటీ చదువుకుంటున్నట్టు నిలబడింది.

నాకు కోపం రాలేదు. 2016లో ఆత్మకూరు బస్టాండులో నేనూ అచ్చం ఇట్లాగే మొహం తిప్పుకున్నాను. సమాజం వదిలేసి వెళ్ళిన ఒక పెద్దావిడ ఎదురొచ్చి "బాగుండావా అమ్మా" అని పలకరించింది. వెళ్ళిపోయినవాళ్ళతో మాట్లాడితే వాళ్ళ పాపం మనకు అంటుకుంటుందని మాకు చెప్పేవాళ్ళు. జవాబివ్వకుండా బస్సెక్కాను. ఆ రాత్రి నిద్ర మానుకుని నామం రాశాను. ఆవిడ నన్ను చూసి జాలిపడిందని రగిలిపోయాను. నిజానికి ఆవిడ అడిగింది బాగున్నావా అని మాత్రమే.

చెల్లెల్ని అక్కడికి తీసుకెళ్ళింది నేనే. 2013లో. అప్పుడు బీఈడీ చేసి టీచరుగా పనిచేస్తోంది. నా మాట నమ్మి వచ్చింది, తర్వాత ఉద్యోగం మానేసింది, మెడలో గొలుసు కూడా ఇచ్చేసింది. 2021లో నేను బయటపడ్డాను, తను ఉండిపోయింది. దీనికి నేను ఎవరికి సమాధానం చెప్పుకోవాలో ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం కావలి అన్న ఫోన్ చేశాడు. నా తర్వాత కొద్ది నెలలకే బయటికొచ్చాడు. భార్యా కొడుకూ లోపలే ఉన్నారు. పొద్దున జరిగింది చెప్పాను. "గొర్రెలమ్మా వాళ్ళు. చెప్పినా వినరు, అనుభవించనీ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. "అన్నా, 2015 నవంబరులో జిల్లా వానలకు మునిగినప్పుడు గురువుగారు ముందే చెప్పారని మనమే కదా ఊరంతా చెప్పుకుంది? ఆ తర్వాత ఆయన తేదీ పెట్టి ప్రళయమన్న రోజు చినుకు కూడా పడకపోతే, మన జపంతోనే ఆగిందని మైకులో చెప్పింది నువ్వే కదా?"

అన్న మాట్లాడలేదు.

బయటికొచ్చిన కొత్తల్లో నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఒక సంగతి చదివి కాస్త ఊపిరి పీల్చుకున్నాను. 1954 డిసెంబరు 21న వరద వచ్చి లోకం మునుగుతుందని అమెరికాలో షికాగో దగ్గర ఒకావిడ చెబితే, కొందరు ఉద్యోగాలు కూడా వదులుకుని ఎదురుచూశారు. లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషులు వాళ్ళలో కలిసిపోయి గమనించారు. వరద రాలేదు. తమ విశ్వాసం వల్లే లోకం బతికిందని, అప్పటిదాకా పత్రికలకు దూరంగా ఉన్నవాళ్ళు తామే ఫోన్ చేసి మరీ చెప్పారు. అంత వదులుకున్నాక అది తప్పని ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. పదకొండేళ్ళు నేనూ ఒప్పుకోలేదు. తెలివితక్కువై కాదు. ఒప్పుకుంటే ఇక నాకంటూ ఏం మిగులుతుందని భయం.

కాసేపటికి అన్న గొంతు మారింది. "పిల్లోడు ఇంటర్‌కి వచ్చుంటాడు, చదివిస్తున్నారో లేదో" అన్నాడు. ఆ మాట కోసమే తిడుతున్నాడు మనిషి. మేం కొందరం కలుసుకున్నప్పుడల్లా ఇంతే. ముందు వెక్కిరింపులు, చివరికి ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకుంటారు. లోపలివాళ్ళకు మేం ద్రోహులం, కానీ వాళ్ళు తిన్నారా లేదా అని మాకున్నంత బెంగ ఇంకెవరికుంది? దక్షిణ అమెరికాలోని గయానాలో జిమ్ జోన్స్ అనే మతగురువు తనవాళ్ళతో కట్టుకున్న జోన్స్‌టౌన్ మీద మొదట కేకలు పెట్టింది కూడా అందులోంచి బయటికొచ్చినవాళ్ళూ, లోపల చిక్కుకున్నవాళ్ళ బంధువులే. వాళ్ళ మాట విని చూడటానికి వెళ్ళిన లియో రయాన్ అనే అమెరికా ప్రజాప్రతినిధిని కాల్చి చంపారు. ఆ రోజే, 1978 నవంబరు 18న, తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు. మాది అలాంటి చోటు కాదని నాకు నేను చెప్పుకుంటాను. రాత్రుళ్ళు మాత్రం ఆ లెక్క గుర్తొస్తుంది.

ఇప్పుడు కాయలు కడిగి గుడ్డమీద ఆరబెట్టి ఇది రాస్తున్నాను. మార్కెట్‌లో ఇంకొంచెం జరిగింది, అన్నకు చెప్పలేదు. గురువుగారి గురించి ఒక్క మాట కూడా ఎత్తకూడదని గట్టిగా అనుకుని, "బాగుండావా అమ్మా" అన్నాను. తను పలకలేదు. చీటీ మడుచుకుంది. రెండడుగులు వేసి ఆగి, నా సంచిలోకి చూసింది.

"మెత్తనయ్యి తీసుకోబాకక్కా, పచ్చడి బూజు పడుద్ది" అనేసి గబగబా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి చూస్తే ఏడు మెత్తటివి ఉన్నాయి. తీసి పక్కన పెట్టాను.