బి12 ఇంజెక్షన్లు వేసుకున్నా తగ్గని నీరసం

బి12 విటమిన్ బాగా తక్కువగా ఉందని రక్తపరీక్షలో తేలినప్పుడు మా ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చింది. నేను చిత్తూరులో సైన్సు టీచర్ని. మాంసం, గుడ్డు ముట్టని ఇల్లు మాది. పైగా ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. కడుపులో ఆమ్లం తగ్గితే తిన్నదాంట్లోని కాస్త బి12 కూడా ఒంటికి సరిగా పట్టదు. అరికాళ్ల తిమ్మిర్లకు కారణం దొరికిందనుకున్నాం, ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

తిమ్మిర్లు నిదానంగా తగ్గాయి. కానీ సాయంత్రమయ్యేసరికి ఎడమ కంటి రెప్ప వాలిపోయేది. బోర్డు మీద అక్షరాలు రెండుగా కనిపించేవి. మధ్యాహ్నం పీరియడ్లలో మాట ముక్కులోంచి వచ్చేది. చపాతీ సగం తినేసరికి దవడ అలిసిపోయేది, అందుకని నమలక్కర్లేని సంగటి ముద్దతో సరిపెట్టుకునేదాన్ని. పొద్దున లేస్తే మళ్లీ మామూలే. "విటమిన్ ఒంటికి పట్టాలి కదా, ఓపిక పట్టమ్మా" అని ఒక ఆస్పత్రిలో, "టెన్షన్ తగ్గించుకోండి" అని ఇంకోచోట చెప్పి పంపేశారు. నాకు బి12 లోపం ఉన్నమాట నిజమే. అది దొరికిందని ఇక వేరే జబ్బు కోసం ఎవరూ వెతకలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చివరికి తిరుపతిలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి సాయంత్రం పూట వెళ్లాం. ఆమె ఐసు గడ్డను గుడ్డలో చుట్టి వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచారు. తీయగానే రెప్ప పైకి లేచింది! మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నరానికి చిన్నచిన్న కరెంటు దెబ్బలిచ్చి చేసే పరీక్ష, యాంటీబాడీల రక్తపరీక్ష చేయించారు. థైమస్ గ్రంథిలో గడ్డ ఉందేమోనని ఛాతీకి సీటీ స్కాన్ కూడా తీయించారు. గడ్డ లేదు. జబ్బు పేరు మయస్థీనియా గ్రేవిస్.

నరం చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీది గ్రాహకాలకు తగిలితేనే కండరం కదులుతుంది. ఈ జబ్బులో మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే ఆ గ్రాహకాలను పాడుచేస్తాయి. అందుకే వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము చల్లదనానికి మందగిస్తుంది కాబట్టే ఆ ఐసుకు రెప్ప లేచింది. నాకిచ్చిన పిరిడోస్టిగ్మిన్ మాత్ర కూడా ఆ ఎంజైమునే ఆపుతుంది. బి12 లోపం దారి వేరు. అక్కడ దెబ్బతినేది నరం మీది మైలిన్ పొర, దాంతో తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం. మయస్థీనియాలో స్పర్శ పోదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మైగ్రేన్ మందు సంగతి. తలనొప్పి రాకుండా నేను రోజూ వేసుకుంటున్న ప్రొప్రనలాల్, మయస్థీనియా ఉన్నవాళ్లలో నీరసాన్ని పెంచే అవకాశం ఉందట. ఒక్కసారిగా ఆపకూడదని డోసు తగ్గించుకుంటూ మాన్పించారు. మైగ్రేన్‌కు మంచిదని తోటి టీచరక్క చెప్పిన మెగ్నీషియం కూడా వద్దన్నారు. అది నరం చివర అసిటైల్‌కోలిన్ విడుదలను తగ్గిస్తుంది. రక్తనాళంలోకి ఎక్కిస్తే మరీ ప్రమాదం. మైగ్రేన్‌లో పనిచేసే సెరటోనిన్, సీజీఆర్‌పీ వేరే రసాయనాలు, కానీ వాటికోసం వేసుకున్న మందు వచ్చి కండరం మీద పడుతుందని సైన్సు చెప్పే నాకే తెలియలేదు. ఇప్పుడు డాక్టరుగారి సలహా మీద రోజుకు 400 మిల్లీగ్రాముల రైబోఫ్లేవిన్, అంటే బి2, వాడుతున్నాను. తలనొప్పి రావడం కొంత తగ్గింది.

ఫోలిక్ యాసిడ్ మాత్రలు నా అంతట నేను కొనుక్కోవద్దని కూడా ఆమె గట్టిగా చెప్పారు. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940ల్లో తయారుచేసిన ఆ విటమిన్ గురించి పిల్లలకు ఎంతో గర్వంగా చెబుతుంటాను. కానీ బి12 లోపం ఉన్నవాళ్లు అదొక్కటే వేసుకుంటే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

ఇప్పుడు తిండికి అరగంట ముందు పిరిడోస్టిగ్మిన్ వేసుకుంటే చపాతీ నమలగలుగుతున్నాను. కడుపులో మెలిపెట్టినట్టు అవుతుంది కానీ తట్టుకుంటున్నాను. జెంటామైసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా నాకు పడకపోవచ్చని రాసిచ్చిన చీటీ పర్సులో ఉంటుంది. మొన్న పంటి డాక్టరుకు ముందు అదే చూపించాను, ఆయన చదివాకే మందు రాశారు.