కాళేశ్వరం ఇసుకలో కడలి లోతుల కబుర్లు

పరకాల, భూపాలపల్లి, కాటారం. బొగ్గు లారీల వెనుక నత్తనడకన సాగిన ఆ దారి గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద వెలసిన శివుడికీ, యముడికీ దండం పెట్టుకుని, గోదావరిలో ప్రాణహిత కలిసే రేవుకు దిగాం.

తడి ఇసుకలో ఆల్చిప్పలు కనిపించాయి. ఇలాంటి చిప్పకే మధ్యలో అరగదీసి, ఆ కంతతో అమ్మ మామిడికాయల చెక్కు తీసేది. కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదువుతున్న మా మేనకోడలికి మాత్రం రెండు చిప్పల్ని కలిపే కీలు, దాని మీద పళ్లలా కనిపించే గట్లు ముఖ్యం. ‘‘మామయ్యా, ఈ పొడవాటి పలకల్లాంటి పళ్లు చూడు, ఇది లామెల్లిడెన్స్. మొప్పలతో నీళ్లు వడగట్టి, దొరికిన నాచు నలుసులు తింటుంది’’ అంది.

అక్కడి నుంచి మాట సముద్రం అడుక్కి పోయింది. 1977లో గాలపాగోస్ దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున, ఆల్విన్ జలాంతర్గామిలో దిగినవారికి వేడినీటి బుగ్గల చుట్టూ జానెడేసి తెల్లని ఆల్చిప్పలు కనిపించాయట. కాలిప్టోజినా మాగ్నిఫికా అని తర్వాత పేరు పెట్టారు. రాతి పగుళ్లలోకి పాదం చాచి హైడ్రోజన్ సల్ఫైడ్ పీల్చుకుంటుంది. మొప్పల్లో కాపురముండే బాక్టీరియా ఆ విషవాయువు నుంచే శక్తి తీసి దానికి అన్నం పెడతాయి. అందుకే పేగు చిక్కిపోయింది. రక్తంలో హిమోగ్లోబిన్ ఉండటంతో మాంసం ఎర్రగా ఉంటుంది. ఈ కుటుంబంలో చిప్పలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి, పైరూపు చూసి పేరు చెప్పడం కష్టం. కీలు పళ్లు చూడాలి, చివరికి డీఎన్ఏ చదవాలి.

నాకు నచ్చింది మాత్రం కస్పిడేరియా. గోరంత చిప్ప, వెనక ముక్కులా సాగిన కొస. ఆ ముక్కే దాని గుర్తింపు. మామూలు మొప్పల స్థానంలో కండర తెర ఉంటుంది. బురదలో కూరుకుని, గొట్టం కొన మాత్రం పైకి పెట్టి కాచుకుంటుంది. చిన్న రొయ్యజాతి ప్రాణి కదలిక తగలగానే గొట్టం చాచి, తెర లాగి, నీళ్లతో సహా మింగేస్తుంది.

‘‘పళ్లు లేకుండా నమిలేదెట్లా?’’ అన్నాడు వింటున్న పడవ పెద్దాయన.

‘‘దాని కడుపే నలిపేస్తుంది తాతా, లోపల గట్టి పొర ఉంటుంది.’’

‘‘అయితే మా కొర్రమట్టకు చుట్టమే. అదీ బురదలోనే కాచుకుంటుంది’’ అని తేల్చేశాడాయన.

చేపకూ చిప్పకూ ఏ చుట్టరికమూ లేదని మేనకోడలు మహదేవ్‌పూర్ దాటేదాకా నాతో వాదిస్తూనే ఉంది. నేను ఆయన పక్షమే.