నెత్తుటి రెట్ట పడ్డ కోడిపిల్లలు: గుర్తుపట్టిన దగ్గర్నుంచి తేరుకునే దాకా, నా అనుభవం

పెరట్లో పెరిగే కోడిపిల్ల నలతగా కనిపిస్తే నేను ముందు లెక్కేసేది దాని వయసు. మొదటి పది రోజుల్లో చనిపోయే పిల్లకూ నాలుగో వారంలో చనిపోయే పిల్లకూ కారణాలు మామూలుగా ఒకటి కావు. మొదట్లో వేడి చాలకపోవడం, నీళ్లు తాగడం అలవాటు కాకపోవడం, బొడ్డు మానక చీము పట్టడం, తల్లి నుంచి గుడ్డులోకి దిగిన సాల్మొనెల్లా వల్ల వచ్చే తెల్లపారుడు ఎక్కువ. మూడో వారం నుంచి ఆరో వారం దాకా మాత్రం నా అనుమానం ముందుగా రక్తపారుడు మీదికే పోతుంది. దీన్నే కాక్సిడియోసిస్ అంటారు. ఐమీరియా అనే ఏకకణజీవి పేగు గోడలో చేరి పెరగడం వల్ల వస్తుంది. పిల్లల ప్రాణం తీసే పెద్ద జబ్బుల్లో, త్వరగా పట్టుకుంటే ఇంటి దగ్గరే నయం చేసుకోగలిగింది ఇదే. అందుకే దీని గురించే వివరంగా రాస్తున్నాను.

పిల్లను చేతిలోకి తీసుకునే ముందు దూరంగా కూర్చుని చూడాలి. మనిషి దగ్గరికి వెళ్తే జబ్బు పిల్ల కూడా బెదిరి చురుగ్గా నటిస్తుంది. కదలకుండా కాసేపు గమనిస్తే దాని అసలు పరిస్థితి బయటపడుతుంది: మెడ లోపలికి లాక్కుని, ఈకలు రేపుకుని, రెక్కలు కాస్త వేలాడేసి, కళ్లు సగం మూసుకుని నిలబడుతుంది. మిగతావి వేడి కోసం పెట్టిన బల్బుకు దూరంగా జరిగినా అది మాత్రం బల్బు కిందే ఉంటుంది. దాణా గిన్నె చప్పుడుకి పరుగెత్తుకు రాని పిల్లను ఆ పూటే విడిగా తీస్తాను. మర్నాటికి సర్దుకుంటుందిలే అనుకుంటే, చాలాసార్లు మర్నాటికి పిల్లే ఉండదు.

చేతిలోకి తీసుకున్నాక మెడ కింది మేత సంచి తడమాలి. రాత్రి నిండుగా, తెల్లారేసరికి ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా గట్టిగా ఉంటే మేత అడ్డుపడింది. మెత్తగా, నీళ్లు నిండినట్టు ఉండి నోటి నుంచి పుల్లటి వాసన వస్తే లోపల పులిసింది. ఈ రెండూ వేరే దారి, రక్తపారుడు మందు వీటికి పనికిరాదు. తర్వాత రొమ్ము ఎముక. రెండు వైపులా కండ తగ్గి ఎముక అంచు వేలికి కత్తిలా తగిలితే జబ్బు నిన్న మొన్నటిది కాదు. అన్నిటికంటే నేను నమ్మేది తూకం. పెరిగే వయసు పిల్ల రోజూ బరువు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కన్నేసి ఉంచుతాను, తగ్గితే జబ్బనే లెక్క. ఇంటి వైద్యానికి ముందు కొనాల్సింది మందు కాదు, గ్రాములు చూపించే చిన్న తూకం.

రెట్ట చూడాలంటే ఊక మీద కుదరదు. రాత్రి పడుకునే చోట తెల్ల కాగితం పరిచి పొద్దున చూడాలి. మామూలు రెట్ట గట్టిగా, పైన తెల్లటి సున్నం లాంటి పూతతో ఉంటుంది. మధ్యమధ్యలో ఒకటి చిక్కటి బెల్లం పాకంలా, ముదురు గోధుమ రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో పడుతుంది. అది గుడ్డిపేగుల (చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉండే, ఒక కొస మూసుకున్న రెండు గొట్టాలు) నుంచి వచ్చే మామూలు రెట్టే. కొత్తవాళ్లు ఎక్కువగా కంగారుపడేది దీనికే. అప్పుడప్పుడు నారింజ రంగు జిగట పోగు ఒకటి కనిపించినా, పిల్ల హుషారుగా తింటుంటే నేను పట్టించుకోను. కాగితం మీద ఎర్రటి నెత్తురు చుక్కలు, నెత్తురు కలిసిన నీళ్ల రెట్ట కనిపిస్తే మాత్రం ఆగేది లేదు. గుడ్డిపేగులను పట్టే ఐమీరియా టెనెల్లా పని అది. లోపలికి పోయిన నాలుగైదు రోజులకు ఈ నెత్తురు బయటపడుతుంది. అంటే మనకు కనిపించేసరికి పేగు చాలావరకు దెబ్బతినే ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రక్తపారుడు అన్నాం కదా అని ప్రతిసారీ రక్తం పడదు. చిన్నపేగు పైభాగాన్ని పట్టే రకం ఐమీరియా అసర్వులినా ఉంటే నీళ్లగా, జిగటగా పారడం, బరువు తగ్గడం, కాళ్లు, తురాయి పాలిపోవడం, ఇంతే కనిపిస్తాయి. నెత్తురు కోసం ఎదురుచూస్తే గుంపంతా బక్కచిక్కుతుంది. ఈ వయసులో రెండు మూడు పిల్లలు ఒకేసారి ముడుచుకుంటే, ఊక తడిగా ఉంటే, నెత్తురు లేకపోయినా నేను మందు మొదలుపెడతాను. వీలుంటే అదే రోజు రెట్ట నమూనా సూక్ష్మదర్శినిలో చూపిస్తాను. కొద్దిపాటి ఐమీరియా గుడ్లు ఆరోగ్యంగా ఉన్న కోళ్లలోనూ ఉంటాయి కాబట్టి ఫలితాన్ని లక్షణాలతో కలిపే చదవాలి.

కాదని తేల్చుకోవాల్సినవి కొన్ని. ఆకుపచ్చ నీళ్ల రెట్టతో పాటు నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం ఉంటే కొక్కెర తెగులు. దానికి మందు లేదు, ముందే వేసిన టీకాయే దిక్కు. గంబోరో అనే వైరస్ జబ్బు కూడా సరిగ్గా మూడు, ఆరు వారాల మధ్యే వస్తుంది. తెల్లటి నీళ్ల రెట్ట, వణుకు, తన మలద్వారాన్ని తానే పొడుచుకోవడం, గుంపులో చాలావాటికి ఒక్కసారిగా సోకడం దాని గుర్తులు. కాలివేళ్లు లోపలికి ముడుచుకుని మడమల మీద నడిచే పిల్లకు చాలావరకు కావలసింది బి2 విటమిన్. ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాపి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు అనుకోవాలి. ఇక ఏ నలతకైనా నులిపురుగుల మందు పోసేవాళ్లున్నారు. పిల్ల మింగిన పురుగు గుడ్డు నుంచి పెద్ద ఏలికపాము తయారవడానికి అయిదు వారాల పైనే పడుతుంది, మూడు వారాల పిల్లలో దాన్ని వెతకడం దండగ.

మందు దగ్గరికి వద్దాం. నేను వాడేది ఆంప్రోలియం. తీవ్రంగా ఉన్నప్పుడు తాగే నీళ్లలో 0.024 శాతం, అంటే లీటరుకు 240 మిల్లీగ్రాముల అసలు మందు పడాలి. 20 శాతం పొడి అయితే లీటరుకు 1.2 గ్రాములు. 9.6 శాతం ద్రావణం అయితే లీటరుకు 2.5 మిల్లీలీటర్లు. డబ్బా మీది శాతం చూడకుండా ‘లీటరుకు ఒక చెంచా’ అని ఎవరో చెప్పింది పట్టుకుంటే మోతాదు ఎటైనా పోతుంది. వంటింటి తూకంలో 1.2 గ్రాములు నమ్మకంగా తూగవు. అందుకే 12 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి సరిగ్గా లీటరు చేస్తాను. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మంచినీళ్లలో పోస్తే సరైన పాళ్లు. ఇది రోజూ కొత్తగా కలుపుకోవాలి, నిన్నటిది పారబోయాలి. అయిదు రోజులు ఇలా ఇచ్చాక, తర్వాత వారం నుంచి రెండు వారాలు నాలుగో వంతుకు, అంటే 20 శాతం పొడి అయితే లీటరుకు 0.3 గ్రాములకు దించుతాను.

నెత్తురు పడ్డ పిల్లకే కాదు, దానితో తిరిగిన గుంపంతటికీ ఇదే నీళ్లు. వేరే నీళ్లు ఎక్కడా దొరక్కూడదు. కుళాయి కింద గుంట, మొక్కల కుండీ పళ్లెం, అన్నీ తీసేయాలి. మేతలో కలపకుండా నీళ్లలోనే ఎందుకంటే, జబ్బు పిల్ల తినడం ముందు మానేస్తుంది, తాగడం ఆఖర్న మానేస్తుంది.

ఆంప్రోలియం బి1 విటమిన్‌ను పోలి ఉంటుంది. పరాన్నజీవి దాన్ని బి1 అనుకుని తీసుకుని, అసలు బి1 అందక చస్తుంది. కాబట్టి ఈ మందు నడిచే రోజుల్లో బి విటమిన్లు ఇస్తే మందును మనమే దెబ్బతీసినట్టు. ఓపిక కోసమని కలిపే ఎలక్ట్రోలైట్ పొడుల్లో చాలావాటిలో బి కాంప్లెక్స్ ఉంటుంది, ప్యాకెట్ వెనక చదవండి. విటమిన్లన్నీ కోర్సు అయిపోయాకే.

బాగా నీరసించి తాగలేని పిల్లకు డ్రాపర్‌తో పట్టాలి. నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు ఉంటుంది. గొంతులోకి సిరంజితో చిమ్మితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, జబ్బుతో పోవాల్సిన పిల్ల మన చేతిలోనే పోతుంది. ముక్కు పక్కన ఒక్క చుక్క పెట్టి ఆగాలి. పిల్ల తనంతట తాను ముక్కు కొట్టుకుని, తల ఎత్తి మింగుతుంది. అప్పుడే రెండో చుక్క. గంటకోసారి కొన్ని చుక్కలు చాలు. దాన్ని ఉంచే పెట్టెలో ఒక మూల 30 డిగ్రీల వేడి ఉండాలి, రెండో మూల చల్లగా ఉండాలి. ఎక్కడ కూర్చోవాలో పిల్లకే తెలుసు.

రెండు మూడు రోజుల్లో నెత్తురు ఆగాలి. ఆగకపోతే మోతాదు పెంచడం కాదు, నా అంచనా తప్పిందేమో చూడాలి. దెబ్బతిన్న పేగులో క్లాస్ట్రీడియం లాంటి బాక్టీరియా చేరి ఉండొచ్చు, దాని మీద ఆంప్రోలియం పనిచేయదు. అక్కడ పశువైద్యుడు కావాలి. రక్తపారుడుకే ఇంకో మందు టోల్ట్రాజురిల్ ఆయన రాస్తే 2.5 శాతం మందు లీటరుకు ఒక మిల్లీలీటరు, 48 గంటల పాటు. మనం తినే గుడ్లు పెట్టే పెట్టలకు ఇది ఇవ్వకూడదు. రక్తపారుడుకు వాడే సల్ఫా మందులు కూడా ఉన్నాయి, వాటిని నేను సొంతంగా వాడను. ఒళ్లు ఎండిపోయిన పిల్లలో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, మోతాదు కాస్త మించినా రక్తస్రావం ఎక్కువవుతుంది.

మందు కన్నా ఎక్కువ పని నేల దగ్గర ఉంది. రెట్టలో పడిన ఐమీరియా గుడ్డు వెంటనే అంటదు. తడి, గాలి, 25 నుంచి 30 డిగ్రీల వేడి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి నీళ్ల డబ్బా చుట్టూ తడిసిన ఊకను రోజూ ఎత్తేయాలి. ఊకను గుప్పిట పట్టి నొక్కి వదిలితే ముద్దగా నిలవకూడదు, రాలిపోవాలి. డబ్బా అంచు పిల్ల వీపు ఎత్తులో ఉంటే నీళ్లు ఒలకవు, రెట్ట పడదు. బ్లీచింగ్ ఈ గుడ్లను ఏమీ చేయదు. మరిగే నీళ్లు, ఎండలో బాగా ఆరబెట్టడం పనిచేస్తాయి. అమ్మోనియా కూడా పనిచేస్తుంది కానీ బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది, రెండూ ఒకేచోట వాడొద్దు.

ఇంకో మాట. కాక్సిడియోసిస్ టీకా వేసిన పిల్లలను తెచ్చుకుంటే ఆంప్రోలియం కలిపిన దాణా పెట్టకూడదు, టీకా వృథా అవుతుంది. అలాగే ఒక రకం ఐమీరియాకు వచ్చిన నిరోధకత ఇంకో రకానికి పనిచేయదు. ఒకసారి కోలుకున్న గుంపులో మళ్లీ రావడం అందుకే.

ఒక్కసారిగా చాలా కోళ్లు చచ్చినా, ముఖం ఉబ్బినా, తురాయి నీలంగా మారినా మందుల జోలికి పోకుండా కోళ్లను ఎక్కడికీ కదపకుండా పశువైద్యాధికారులకు చెప్పాలి. బర్డ్ ఫ్లూ కావచ్చు. చనిపోయిన పిల్లను పరీక్షకు పంపాలంటే రెండు సంచుల్లో కట్టి ఐస్ మీద పెట్టాలి. గడ్డకట్టిస్తే కణజాలం పాడై పరీక్షకు పనికిరాదు. రక్తపారుడు అయితే కోసినప్పుడు రెండు గుడ్డిపేగులూ ఉబ్బి, లోపల నెత్తురు గడ్డలతో ముదురు ఎరుపుగా కనిపిస్తాయి.

కోలుకున్న పిల్లను గుంపులో కలపడానికి నేను చూసేవి రెండే: రెట్ట గట్టిపడాలి, తూకం వరుసగా పెరగాలి. విడిగా ఉన్నది ఒక్కటే అయితే మిగతావి పొడుస్తాయి, ఇంకో నెమ్మదస్తురాలైన పిల్లను దానికి జత చేసి, రెండింటినీ కలిపి చీకటి పడ్డాక గూట్లో వదులుతాను.